నిన్న బాగానే వచ్చింది కదా... ఈరోజు ఎందుకు రావడం లేదు?

కంప్యూటర్ ప్రాజెక్టులో డేటాబేస్ ఎర్రర్ వస్తే ఇంట్లో ఏం చూడాలి, ఏం ముట్టుకోకూడదు



పన్నెండో తరగతిలో కంప్యూటర్ సైన్స్ తీసుకున్న పిల్లలున్న ఇళ్లలో ప్రాక్టికల్స్ దగ్గరపడే కొద్దీ ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "నిన్న రాత్రి ప్రాజెక్ట్ బాగానే రన్ అయింది డాడీ, ఇప్పుడేమో ఎర్రర్ వస్తోంది. నేనేం మార్చలేదు!"

చాలాసార్లు పిల్లలు చెప్పేది నిజమే. కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మారి ఉండదు. మారింది ప్రోగ్రామ్, డేటాబేస్ నిద్ర లేచిన వరుస. అంటే ఏది ముందు మొదలైంది, ఏది వెనక మొదలైంది అన్నది.

సీబీఎస్ఈ కంప్యూటర్ సైన్స్‌లో ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు. అందులో ప్రాజెక్టుకు 8, వైవాకు 3. పిల్లల్లో ఎక్కువ మంది పైథాన్‌ను మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు కలిపి ప్రాజెక్ట్ చేస్తారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ఫ్లాస్క్ లేదా టామ్‌క్యాట్ వాడి వెబ్‌సైట్‌గా తయారు చేస్తారు. అయితే ఇక్కడ మార్కుల కన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది. ఎర్రర్ చూసి కంగారు పడిన పిల్లలు పనిచేస్తున్న కోడ్‌ను మార్చేస్తారు, లేదా మైఎస్‌క్యూఎల్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. అప్పుడు నెలల తరబడి ఎక్కించిన డేటా పోవచ్చు. అసలు సమస్యేమో కొన్ని సెకన్లు ఆగితే తీరిపోయేది!

మీకు కోడింగ్ రాకపోయినా ఫర్వాలేదు. ఈ వ్యాసం చదివాక ఆ సమయంలో పిల్లల పక్కన కూర్చుని సరైన ప్రశ్నలు అడగగలరు.

వంటవాడు, వడ్డించేవాడు

మనం పెళ్లిలో బంతి భోజనానికి కూర్చుంటాం. వంట ఒకరు చేస్తారు, వడ్డన ఇంకొకరు చేస్తారు. మనం వంటశాలలోకి వెళ్లం. పప్పు కావాలంటే వడ్డించేవారినే అడుగుతాం, వాళ్లు లోపలికి వెళ్లి తెస్తారు.

ప్రాజెక్టు కూడా ఇలాగే ఉంటుంది. లోపల ఉన్న వంటశాల డేటాబేస్. పుస్తకాల పేర్లు, విద్యార్థుల వివరాలు, ఫీజు లెక్కలు అన్నీ అక్కడే భద్రంగా ఉంటాయి. వడ్డించేది అప్లికేషన్ సర్వర్. స్క్రీన్ మీద మనం బటన్ నొక్కితే అది డేటాబేస్‌ను అడిగి, వచ్చిన సమాధానాన్ని మనకు చూపిస్తుంది. బ్యాంకు యాప్, రైలు టికెట్ల సైట్, పిల్లల అటెండెన్స్ చూపించే యాప్, అన్నీ మూలంలో ఈ ఏర్పాటుతోనే నడుస్తాయి.

ఇవి ఒకే లాప్‌టాప్‌లో ఉన్నా రెండు వేర్వేరు ప్రోగ్రాములే. తెర వెనక నడిచే ఇలాంటి ప్రోగ్రామ్‌ను సర్వీస్ అంటారు. ఒక్కో సర్వీస్‌కు పోర్ట్ అనే నంబర్ ఉంటుంది, ఇంటికి డోర్ నంబర్ ఉన్నట్టు. మామూలుగా మైఎస్‌క్యూఎల్ డోర్ నంబర్ 3306, పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌ది 5432, టామ్‌క్యాట్‌ది 8080. అప్లికేషన్ వెళ్లి 3306 తలుపు తడుతుంది. లోపలి నుంచి ఎవరైనా పలికితేనే పని ముందుకు సాగుతుంది.

పొయ్యి వెలిగితే అన్నం ఉడికినట్టు కాదు

లాప్‌టాప్ ఆన్ చేయగానే పదుల సంఖ్యలో సర్వీసులు మొదలవుతాయి. ఒకటి పూర్తయ్యాక ఇంకొకటి అంటూ కూర్చుంటే చాలా ఆలస్యమవుతుంది కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ వీలైనన్నింటిని ఒకేసారి లేపుతుంది. తిప్పలు ఇక్కడే మొదలవుతాయి.

ప్రాజెక్ట్ ప్రోగ్రామ్ చిన్నది. ఒకటి రెండు సెకన్లలో సిద్ధమవుతుంది. డేటాబేస్‌కు పని ఎక్కువ. తన ఫైళ్లు తెరవాలి, మెమరీ కేటాయించుకోవాలి, నిన్న సరిగ్గా మూసుకుందా లేదా చూసుకోవాలి. బ్యాటరీ అయిపోయి లాప్‌టాప్ ఆగిపోయినా, కరెంటు పోయి కంప్యూటర్ ఆరిపోయినా దానికి ఇంకో పని కూడా పడుతుంది. డేటాబేస్ తాను చేసే మార్పులను ముందుగా ఒక లాగ్‌లో రాసుకుంటుంది. మళ్లీ లేచినప్పుడు ఆ లాగ్ చదివి, సగంలో ఆగిన లెక్కలను సరిచేసుకుంటుంది. దీన్నే క్రాష్ రికవరీ అంటారు. మన డేటాను కాపాడేది అదే, కానీ దానికి సమయం కావాలి.

ఈలోపు సర్వీసుల జాబితాలో డేటాబేస్ మొదలైందనే కనిపించవచ్చు. పొయ్యి వెలిగింది, ఎసరు పెట్టారు, కానీ అన్నం ఇంకా ఉడకలేదు. వడ్డించేవాడు అప్పుడే విస్తళ్లు వేసేసి గిన్నె పట్టుకొచ్చాడు! "మొదలైంది" వేరు, "సిద్ధంగా ఉంది" వేరు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

మరి నిన్న ఎలా వచ్చింది?

నిన్న రాత్రి మీ అబ్బాయి రెండు గంటలుగా పని చేస్తున్నాడు. మైఎస్‌క్యూఎల్ ఎప్పుడో సిద్ధమై కూర్చుంది. ఈరోజు లాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే ప్రాజెక్ట్ రన్ చేశాడు. తేడా అంతే.

లాప్‌టాప్ మూత మూసి స్లీప్‌లో పెడితే సర్వీసులు మెమరీలో అలాగే ఉంటాయి. మూత తెరిస్తే అంతా నిన్నటిలాగే పనిచేస్తుంది. అదే రాత్రి విండోస్ అప్‌డేట్ వచ్చి లాప్‌టాప్ రీస్టార్ట్ అయితే సర్వీసులన్నీ కొత్తగా మొదలవ్వాలి. ఒక రోజు డేటాబేస్ ముందు లేస్తుంది, ఒక రోజు అప్లికేషన్ ముందు లేస్తుంది. అందుకే ఈ సమస్య ఒక రోజు వస్తుంది, ఒక రోజు రాదు. ఎప్పుడూ వచ్చే తప్పును పట్టుకోవడం సులభం. అప్పుడప్పుడు వచ్చేదే పిల్లలను బాగా ఏడిపిస్తుంది.

ఎర్రర్‌లోని నంబర్ చదవండి

పిల్లలు ఎర్రర్ చూడగానే ఆ విండో మూసేస్తారు. మీరు చేయాల్సిన మొదటి సాయం అది మూయకుండా ఆపడమే. అందులో ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్‌ను బట్టి సగం సమస్య తేలిపోతుంది.

• 2003, పక్కన 10061: తలుపు తట్టాం, లోపల ఎవరూ లేరు అని అర్థం. మైఎస్‌క్యూఎల్ ఇంకా లేవలేదు, లేదా అసలు మొదలే కాలేదు. వరుస సమస్యకు ఇదే ముఖ్యమైన గుర్తు. లైనక్స్‌లో 10061 బదులు 111 కనిపిస్తుంది.

• 1045, యాక్సెస్ డినైడ్: లోపల మనిషి ఉన్నాడు, కానీ యూజర్ పేరో పాస్‌వర్డో ఒప్పుకోలేదు. డేటాబేస్ పలికింది కాబట్టి అది నడుస్తున్నట్టే. ముందు పాస్‌వర్డ్ చూడాలి.

• 1049, అన్‌నోన్ డేటాబేస్: లోపలికి వెళ్లాం, కానీ మనం అడిగిన పేరుతో డేటాబేస్ అక్కడ లేదు. పేరు తప్పు కొట్టారా చూడాలి.

• "డేటాబేస్ సిస్టమ్ ఈజ్ స్టార్టింగ్ అప్": పోస్ట్‌గ్రెస్ వాడేవారికి వచ్చే సందేశం. ఇంకా సిద్ధం కాలేదని అదే నేరుగా చెబుతోంది. కాసేపు ఆగితే చాలు.

• టామ్‌క్యాట్ ప్రాజెక్టులో 404: ఇది కాస్త తికమక పెడుతుంది. డేటాబేస్ దొరక్క ప్రాజెక్ట్ మొదట్లోనే ఆగిపోయినా టామ్‌క్యాట్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. అందుకే పేజీ లేదని చెబుతుంది. పిల్లలు లింక్ తప్పేమో అనుకుని ఫోల్డర్ల పేర్లు మార్చడం మొదలుపెడతారు. లింక్ మార్చే ముందు టామ్‌క్యాట్ లాగ్ ఫైల్ చూడమనండి.

రెండు మైఎస్‌క్యూఎల్‌లు ఉన్నాయా?

పిల్లల లాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే చిక్కు ఇంకొకటుంది. పదకొండో తరగతిలో ఒకసారి మైఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్ చేస్తారు. తరువాత ఎవరో చెప్పారని జాంప్ కూడా వేస్తారు. జాంప్‌తో పాటు దాని సొంత డేటాబేస్ వస్తుంది. రెండూ అదే 3306 తలుపు కోసం పోటీ పడతాయి. ముందు లేచిన వాళ్లదే ఆ తలుపు, రెండోది మొదలు కాలేక ఆగిపోతుంది.

అప్పుడు ప్రోగ్రామ్ ఒక రోజు ఒక డేటాబేస్‌తో, ఇంకో రోజు ఇంకో డేటాబేస్‌తో మాట్లాడుతుంది. రెండింటికీ పాస్‌వర్డ్‌లు వేరు కాబట్టి 1045 రావచ్చు. లేదా పాస్‌వర్డ్ కుదిరి, మన డేటాబేస్ అందులో లేక 1049 రావచ్చు. "నా డేటా అంతా పోయింది!" అని అమ్మాయి ఏడుస్తుంటే, ఆ డేటా పక్క డేటాబేస్‌లో క్షేమంగా ఉండే అవకాశం ఉంది. అందుకే నిన్న వచ్చి ఈరోజు 1045 లేదా 1049 వస్తే, పాస్‌వర్డ్ మార్చే ముందు రెండు డేటాబేస్‌లు ఉన్నాయేమో అడగండి. రెండింటిలో ఏది వాడుతున్నారో తేల్చుకుని, రెండోది తనంతట తాను మొదలవకుండా చేస్తే చాలు.

ఇంట్లో ఈ వరుసలో చూడండి

1. కోడ్ ముట్టుకోవద్దు. నిన్న పనిచేసిన కోడ్ ఒక్క రాత్రిలో పాడవదు. ముందు ఎర్రర్ మొత్తాన్ని ఫోన్‌తో ఫొటో తీయించండి.

2. విండోస్ సెర్చ్‌లో "సర్వీసెస్" అని టైప్ చేస్తే ఒక జాబితా తెరుచుకుంటుంది. అందులో మైఎస్‌క్యూఎల్ పేరు వెతకాలి. 8వ వెర్షన్ అయితే మామూలుగా మైఎస్‌క్యూఎల్80 అని ఉంటుంది. దాని ఎదురుగా "రన్నింగ్" అని ఉందా? జాంప్ వాడేవారు దాని కంట్రోల్ ప్యానెల్‌లోనే చూడాలి.

3. రన్నింగ్ అని లేకపోతే స్టార్ట్ నొక్కండి. అదే వరుసలో "స్టార్టప్ టైప్" ఏముందో చూడండి. మాన్యువల్ అని ఉంటే ఎవరో ఒకరు చేత్తో మొదలుపెట్టేదాకా అది అలాగే పడుకుని ఉంటుంది. ఆటోమేటిక్‌గా మార్చుకోవచ్చు.

4. ఒక నిమిషం ఆగి, మైఎస్‌క్యూఎల్ సొంత విండోలో పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లగలుగుతున్నారా చూడమనండి. వెళ్లగలిగితే డేటాబేస్ నిజంగా సిద్ధంగా ఉన్నట్టు. రన్నింగ్ అన్న పదం కన్నా ఇది నమ్మకమైన పరీక్ష.

5. ఇప్పుడు ప్రాజెక్ట్‌ను పూర్తిగా ఆపి, మళ్లీ మొదలుపెట్టమనండి. పనిచేసిందా? అయితే కోడ్‌లో తప్పు లేదు, వరుసలోనే తేడా వచ్చింది.

6. ఇంకా రాకపోతే లాగ్ ఫైళ్లు చూడాలి. పిల్లలు లాగ్‌లో చివరి ఎర్రర్ మాత్రమే చదువుతారు. చదవాల్సింది మొదటిది. ఒక్క కనెక్షన్ దొరక్కపోవడం వల్ల దాని కింద ఇరవై ఎర్రర్లు వచ్చి ఉండవచ్చు. అప్లికేషన్ లాగ్‌లో మొదటి ఎర్రర్ వచ్చిన టైమ్, డేటాబేస్ లాగ్‌లో కనెక్షన్లకు సిద్ధం అని రాసిన టైమ్ పక్కపక్కన పెట్టి చూడండి. అప్లికేషన్ టైమ్ ముందుంటే సమస్య దొరికినట్టే.

అయిదో అడుగు గురించి ఒక మాట. కొన్ని ప్రాజెక్టులు డేటాబేస్ లేవగానే వాటంతట అవే కోలుకుంటాయి. కొన్ని కోలుకోవు. ప్రతి క్లిక్‌కు కొత్తగా తలుపు తట్టేలా రాసిన ప్రోగ్రామ్ కోలుకుంటుంది. మొదట్లో ఒక్కసారే తట్టి ఊరుకునే ప్రోగ్రామ్‌ను మనమే రీస్టార్ట్ చేయాలి. మీ అమ్మాయి ప్రాజెక్ట్ ఏ రకమో తనకు తెలిసి ఉండటం మంచిది.

దయచేసి ఇవి చేయనివ్వకండి

జాంప్‌లో "మైఎస్‌క్యూఎల్ షట్‌డౌన్ అన్‌ఎక్స్‌పెక్టెడ్లీ" అని వచ్చినప్పుడు డేటా ఫోల్డర్‌లోని ఐబీడేటా1 అనే ఫైల్ డిలీట్ చేయమని ఇంటర్నెట్‌లో సలహాలు కనిపిస్తాయి. అది చేస్తే డేటాబేస్ మొదలైనట్టే కనిపిస్తుంది, టేబుళ్ల పేర్లు కూడా ఉండవచ్చు. కానీ వాటిని తెరిస్తే రావు. వాటి సమాచారాన్ని గుర్తుపట్టే వివరాలు ఆ ఫైల్‌లోనే ఉంటాయి. తలుపు బిగుసుకుందని ఇల్లు కూల్చుకున్నట్టే అవుతుంది.

అలాగే, బ్యాకప్ లేకుండా మైఎస్‌క్యూఎల్ అన్‌ఇన్‌స్టాల్ చేయకూడదు. క్రాష్ రికవరీ నడుస్తుండగా విసిగిపోయి పవర్ బటన్ నొక్కకూడదు. నొక్కితే తరువాతి సారి ఆ పని మళ్లీ మొదలవుతుంది.

దీనికి విరుగుడు చాలా సులభం. వారానికి ఒకసారి మైఎస్‌క్యూఎల్ డంప్ అనే కమాండ్‌తో డేటా మొత్తాన్ని ఒక ఫైల్‌గా తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోమనండి. అయిదు నిమిషాల పని. పరీక్ష రోజు స్కూల్ ల్యాబ్ కంప్యూటర్‌లో డేటాబేస్ కొత్తగా ఎక్కించాల్సి వచ్చినా ఆ ఫైల్ ఆదుకుంటుంది.

శాశ్వత పరిష్కారం ఏమిటి?

మొదటి దారి వరుస సరిచేయడం. వెబ్ ప్రాజెక్ట్ విండోస్ సర్వీస్‌గా నడుస్తుంటే దాని స్టార్టప్ టైప్‌ను "ఆటోమేటిక్, డిలేడ్ స్టార్ట్" అని మార్చవచ్చు. అప్పుడు మిగతా ఆటోమేటిక్ సర్వీసులు మొదలైన తరువాత సుమారు 2 నిమిషాలకు అది లేస్తుంది. చాలా రోజులు ఇది సరిపోతుంది. కానీ రికవరీకి 3 నిమిషాలు పట్టిన రోజు మళ్లీ మొదటికే వస్తుంది. పైగా డేటాబేస్ 5 సెకన్లలో సిద్ధమైన రోజు కూడా 2 నిమిషాలు ఊరికే ఆగాలి.

రెండో దారి మెరుగైనది. తలుపు తీయకపోతే కాసేపాగి మళ్లీ తట్టాలని ప్రోగ్రామ్‌కే నేర్పడం. మొదట 1 సెకను ఆగి, తరువాత 2, 4, 8, 16 సెకన్లు ఆగి ప్రయత్నించాలి. అన్నీ కలిపితే 31 సెకన్లు. అప్పటికీ పలకకపోతే "డేటాబేస్ అందుబాటులో లేదు" అని మర్యాదగా చెప్పి ఆగిపోవాలి. ఆగే సమయం ప్రతిసారీ రెట్టింపు ఎందుకంటే, లేవడానికి ప్రయత్నిస్తున్న డేటాబేస్‌ను క్షణక్షణం తడుతూ ఉంటే దానికి ఇంకా భారమవుతుంది. రిజల్ట్స్ రోజున అందరం ఒకేసారి రిఫ్రెష్ నొక్కితే సైట్ ఏమవుతుందో మనకు తెలుసు కదా!

దీనికి కావాల్సినవి ఒక లూప్, ట్రై-ఎక్సెప్ట్, కాసేపు ఆగే స్లీప్ ఫంక్షన్. ఎక్సెప్షన్ హ్యాండ్లింగ్ పన్నెండో తరగతి సిలబస్‌లో ఉన్నదే. ఒక్క జాగ్రత్త: 2003 వస్తేనే మళ్లీ ప్రయత్నించాలి. 1045 వస్తే వెంటనే ఆగాలి. తప్పు పాస్‌వర్డ్‌తో వందసార్లు తట్టినా తలుపు తెరుచుకోదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న తల్లిదండ్రులకు

మీ పిల్లలు లైనక్స్ లేదా డాకర్ వాడుతుంటే ఈ మూడు విషయాలు వారితో మాట్లాడండి.

• సిస్టమ్‌డీలో "ఆఫ్టర్" వరుసను మాత్రమే చెబుతుంది. "రిక్వైర్స్" అవసరాన్ని మాత్రమే చెబుతుంది. "రిక్వైర్స్" ఒక్కటే రాస్తే రెండూ ఒకేసారి మొదలవుతాయి. అందుకే మామూలుగా రెండూ కలిపి రాస్తారు. ఆఫ్టర్ రాస్తే ఆపేటప్పుడు వరుస తిరగబడుతుంది, ముందు అప్లికేషన్ ఆగి తరువాత డేటాబేస్ ఆగుతుంది. కావాల్సింది కూడా అదే.

• ఫెయిలైతే మళ్లీ మొదలుపెట్టమని "రీస్టార్ట్" రాసి ఊరుకుంటే చాలదు. మార్చకపోతే రెండు ప్రయత్నాల మధ్య విరామం 0.1 సెకను మాత్రమే. 10 సెకన్లలో 5 సార్లు మొదలై ఆగిపోతే సిస్టమ్‌డీ ఇక ప్రయత్నించడం మానేస్తుంది. డేటాబేస్ 20వ సెకనుకు సిద్ధమైనా అప్లికేషన్ లేవదు. "రీస్టార్ట్‌సెక్" విలువ పెంచితే ఈ చిక్కు ఉండదు.

• డాకర్ కంపోజ్‌లో "డిపెండ్స్ ఆన్" మామూలుగా రాస్తే కంటైనర్ మొదలయ్యేదాకానే ఆగుతుంది, లోపలి డేటాబేస్ సిద్ధమయ్యేదాకా ఆగదు. డేటాబేస్‌కు హెల్త్‌చెక్ పెట్టి, "సర్వీస్ హెల్దీ" అనే షరతు కూడా రాయాలి.

వైవాలో ఈ ప్రశ్న వస్తే

"డేటాబేస్ ఆగిపోతే నీ ప్రాజెక్ట్ ఏం చేస్తుంది?" అని ఎగ్జామినర్ అడిగితే "ఎర్రర్ వస్తుంది సర్" అనడం ఒక జవాబు. "కొద్దిసేపు ఆగి అయిదుసార్లు ప్రయత్నిస్తుంది సర్, అప్పటికీ రాకపోతే యూజర్‌కు సందేశం చూపించి ఆగుతుంది" అనడం ఇంకో జవాబు. రెండో జవాబు చెప్పిన విద్యార్థికి విషయం అర్థమైందని ఎవరికైనా తెలుస్తుంది.

ఎందుకంటే డేటాబేస్ ఉదయం ఆలస్యంగా లేవడమే కాదు, మధ్యాహ్నం కూడా ఆగిపోవచ్చు. వరుస సరిచేయడం ఉదయానికి మాత్రమే పనికొస్తుంది. ఓపిగ్గా మళ్లీ ప్రయత్నించే ప్రోగ్రామ్ ఏ వేళకైనా పనికొస్తుంది.

ఈ నెల మీ అబ్బాయి లేదా అమ్మాయి పక్కన ఒక అరగంట కూర్చోండి. లాప్‌టాప్ పూర్తిగా రీస్టార్ట్ చేయించి, వెంటనే ప్రాజెక్ట్ రన్ చేయమనండి. ఎర్రర్ వస్తే ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఎర్రర్ నంబర్ ఎంత? డేటాబేస్ లోపలికి వెళ్లి చూశావా? చివరి బ్యాకప్ ఎప్పుడు తీశావు? మూడింటికీ జవాబు ఉంటే కంగారు పడాల్సిన పనిలేదు. ఏదైనా దగ్గర ఆగిపోతే ఎర్రర్ ఫొటోతో పిల్లలను మా దగ్గరకు పంపండి, ల్యాబ్‌లో కూర్చోబెట్టి చూపిస్తాం.

పిల్లలందరికీ ప్రాక్టికల్స్ శుభాకాంక్షలు!

– మీ కంప్యూటర్ సైన్స్ టీచర్